లాకీషు: లేఖనము వర్ణింపని పతనము
హిజ్కియా కాలపు విడుదలను బోధించువారు జ్ఞాపకముంచుకొనవలసిన పట్టణము

ఉపోద్ఘాతము

హిజ్కియా దినములలో యెరూషలేము అష్షూరీయుల చేతిలోనుండి తప్పింపబడిన చరిత్ర మన సంఘములకు బాగుగా తెలిసినది. రాజు శత్రువు పంపిన ఉత్తరమును దేవుని సన్నిధిని విప్పి పరచుట, యెషయా ద్వారా జవాబు వచ్చుట, ఒక్క రాత్రిలో దండుపేట శవములతో నిండుట – ఇవి ఉపవాస కూటములలోను, కొత్త సంవత్సరపు ఆరాధనలలోను తరచుగా వినబడు ప్రసంగాంశములు. ఇది సబబే. లేఖనము ఈ సంగతిని మూడుచోట్ల చెప్పుచున్నది (2 రాజులు 18–19, 2 దిన. 32, యెషయా 36–37).

అయితే అదే సంవత్సరములో, అదే రాజు చేతిలో, యెరూషలేమునకు నైరుతి దిక్కున సుమారు 40 కిలోమీటర్ల దూరములోనున్న లాకీషు కూలిపోయినది. ఆ పతనమును గూర్చి ప్రసంగము విన్నవారు మనలో ఎందరున్నారు? సంగతి ఏమనగా, లేఖనము కూడ ఆ పతనమును వర్ణింపలేదు. సన్హెరీబు లాకీషును ముట్టడించుచుండగా మనము అతనిని చూచుచున్నాము (2 దిన. 32:9). తరువాత అతడు అక్కడనుండి బయలుదేరిపోయిన మాట వినుచున్నాము (2 రాజులు 19:8). ఆ రెండు వచనముల మధ్య ఒక పట్టణమంతయు నశించినది.

ఈ వ్యాసములో మేము మూడు పనులు చేయగోరుచున్నాము. మొదటిది, లాకీషు నాశనమును గూర్చి లేఖనము, అష్షూరు రాజుల దాఖలాలు, త్రవ్వకములు ఏమి చెప్పుచున్నవో వేరువేరుగా చూచుట. రెండవది, మీకా ప్రవక్త విలాపమును ఆ నేపథ్యములో చదువుట. మూడవది, కూలిన పట్టణమును మరచి తప్పించుకొన్న పట్టణమును మాత్రమే బోధించుటవలన కలుగు కీడును గుర్తించుట.

1. పట్టణము, దాని స్థానము

యూదా కొండసీమకును ఫిలిష్తీయుల సముద్రతీర మైదానమునకును మధ్యనున్న చిన్న కొండల ప్రాంతమునకు షెఫేలా అని పేరు. మైదానమునుండి హెబ్రోను వైపునకు, యెరూషలేము వైపునకు ఎక్కిపోవు మార్గములు ఈ ప్రాంతముగుండా పోవును. ఆ మార్గములలో ఒకదానిని కాచుచున్న కోట లాకీషు. నేడు తెల్ ఎద్-దువేర్ అని పిలువబడు దిబ్బయే ఈ పట్టణమని 1929లో డబ్ల్యు.ఎఫ్. ఆల్‌బ్రైట్ సూచించాడు. అంతకుముందు పలువురు తెల్ ఎల్-హెసి అను మరియొక దిబ్బను లాకీషుగా తలంచిరి. ఇప్పుడు ఆల్‌బ్రైట్ సూచననే పండితులు సాధారణముగా అంగీకరించుచున్నారు.

లేఖనములలో ఈ పట్టణపు చరిత్ర దీర్ఘమైనది. యెహోషువకు విరోధముగా కూడిన అయిదుగురు రాజులలో లాకీషు రాజైన యాఫీయ ఒకడు (యెహో. 10:3). యెహోషువ రెండవ దినమున పట్టణమును పట్టుకొనెను (10:31-32). రెహబాము దానిని ప్రాకారములుగల పట్టణముగా కట్టించెను (2 దిన. 11:9). అమజ్యా రాజు కుట్రకు భయపడి యెరూషలేమునుండి లాకీషునకే పారిపోయి అక్కడ చంపబడెను (2 రాజులు 14:19). రాజు ప్రాణభయముతో పరుగెత్తవలసివచ్చినప్పుడు ఆశ్రయము కొరకు తలంచిన చోటు అదియే. యూదాలో యెరూషలేము తరువాత ఎన్నదగిన పట్టణము లాకీషు అని చెప్పుట అతిశయోక్తి కాదు.

2. క్రీ.పూ. 701: సాక్షులు ఏమనుచున్నారు?

అష్షూరు రాజైన రెండవ సర్గోను క్రీ.పూ. 705లో యుద్ధములో చనిపోగా అతని కుమారుడు సన్హెరీబు సింహాసనమెక్కెను. సామంతరాజులు అనేకులు కప్పము మానివేసిరి. హిజ్కియాయు తిరుగబడెను (2 రాజులు 18:7). క్రీ.పూ. 701లో సన్హెరీబు పడమటి దేశములమీదికి దండెత్తి వచ్చెను. ఈ దండయాత్రకు నాలుగు విధములైన సాక్ష్యములున్నవి.

అ) లేఖనము. సన్హెరీబు యూదాలోని ప్రాకారములుగల పట్టణములన్నిటిమీదికి వచ్చి వాటిని పట్టుకొనెనని ఒకే వాక్యములో చెప్పబడినది (2 రాజులు 18:13). హిజ్కియా లాకీషునందున్న రాజునకు వర్తమానము పంపి తన తప్పిదమును ఒప్పుకొన్నాడు. హెబ్రీ మూలము ప్రకారము 300 తలాంతుల వెండి, 30 తలాంతుల బంగారము అతనిమీద వేయబడినది. దాని కొరకు ఆలయపు తలుపులకున్న బంగారమును సహా తీసివేయవలసివచ్చెను (18:14-16). అయినను లాకీషునుండియే తర్తాను, రబ్సారీసు, రబ్షాకే అనువారు గొప్ప సైన్యముతో యెరూషలేము మీదికి వచ్చిరి (18:17). ఇవి మనుష్యుల పేరులు కావు, అష్షూరు ఉద్యోగముల పేరులని గమనించవలెను: తర్తాను సేనాధిపతి, రబ్షాకే పానదాయకుల అధిపతి.

ఆ) సన్హెరీబు వృత్తాంతములు. ఇవి మట్టితో చేసి కాల్చిన పలుముఖముల స్తంభములమీద వ్రాయబడినవి. వాటిలో ఒకటి టేలర్ స్తంభము అను పేరుతో లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. యూదాలో 46 కోటలను పట్టుకొంటిననియు, 2,00,150 మందిని దోపుడుసొమ్ముగా లెక్కించితిననియు, హిజ్కియాను పంజరములోని పక్షివలె అతని పట్టణములో మూసివేసితిననియు ఆ రాజు గర్వముగా చెప్పుకొనుచున్నాడు. ఈ జనసంఖ్యను పండితులలో అనేకులు యథాతథముగా అంగీకరింపరు. కప్పము విషయములో బంగారము 30 తలాంతులని ఇరువురి లెక్క సరిపోవుచున్నది. వెండి మాత్రము అష్షూరు లెక్కలో 800 తలాంతులు. మరియొక విశేషము: ఇంత అతిశయించిన రాజు యెరూషలేమును పట్టుకొంటినని ఎక్కడను చెప్పలేదు. ఆశ్చర్యమేమనగా, ఈ వృత్తాంతములలో లాకీషు పేరును కనబడదు.

ఇ) నీనెవె శిల్పములు. లాకీషు పేరు కనబడునది రాజనగరు గోడలమీద. 19వ శతాబ్దపు నడుమ ఆస్టెన్ హెన్రీ లేయార్డ్ నీనెవెలో సన్హెరీబు నగరును త్రవ్వించినప్పుడు ఒక గది గోడలన్నియు ఒకే ముట్టడిని చూపు రాతిపలకలతో కప్పబడియుండుట బయలుపడినది. వాటిలో 12 పలకలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. సింహాసనాసీనుడైన సన్హెరీబు ఎదుట లాకీషు దోపుడుసొమ్ము కొనిపోబడుచున్నదని చెక్కిన శాసనమువలన ఆ పట్టణమేదో సందేహమునకు చోటులేదు.

ఆ పలకలలో ఏమున్నది? అష్షూరీయులు దిబ్బకట్టి దానిమీదుగా ప్రాకారములను కూల్చు యంత్రములను ఎక్కించుచున్నారు. గోడమీదివారు మండుచున్న దివిటీలు క్రిందికి విసరుచున్నారు. యంత్రము అంటుకొనకుండ లోపలి సైనికుడొకడు పొడుగైన గరిటెతో నీళ్లు పోయుచున్నాడు. ఒకప్రక్క ముగ్గురు మనుష్యులు కొయ్యలమీద గ్రుచ్చబడియున్నారు. మరియొకచోట ఇద్దరిని నేలమీద చాపి చర్మము ఒలుచుచున్నారు. పట్టణ ద్వారమునుండి కుటుంబములు బయటికి వచ్చుచున్నవి. స్త్రీలు మూటలు మోయుచున్నారు. ఎడ్లబండిమీద సామానుల పైన పిల్లలు కూర్చున్నారు. వీరు చెరకు పోవుచున్నవారు. బండిమీది ఆ పిల్లల సంగతి లేఖనము చెప్పలేదు, సన్హెరీబు వృత్తాంతములును చెప్పలేదు. వారిని మనకు చూపించినది శత్రువు శిల్పియే.

ఈ) దిబ్బ చెప్పు సాక్ష్యము. 1932నుండి 1938వరకు జేమ్స్ లెస్లీ స్టార్కీ నాయకత్వమున ఇక్కడ త్రవ్వకములు జరిగినవి. 1938 జనవరిలో యెరూషలేమునకు ప్రయాణము చేయుచు స్టార్కీ దారిలో హత్య చేయబడినాడు. అతని సహోద్యోగిని ఓల్గా టఫ్‌నెల్ ఆ పరిశోధన ఫలితములను ప్రకటించినది. మూడవ పొర అని పిలువబడు పట్టణము భయంకరమైన అగ్నిచేత నశించియున్నది. ఈ నాశనము క్రీ.పూ. 597 నాటిదని స్టార్కీ తలంచగా, అది 701 నాటిదేనని టఫ్‌నెల్ వాదించినది. 1973నుండి 1994వరకు టెల్ అవీవ్ విశ్వవిద్యాలయము తరపున దావీద్ ఉస్సిష్కిన్ జరిపించిన త్రవ్వకములు ఆమె అభిప్రాయమును స్థిరపరచినవి.

దిబ్బ నైరుతి మూలలో అష్షూరీయులు రాళ్లతో పోసిన ముట్టడి దిబ్బ నేటికిని కనబడుచున్నది. అది 80 మీటర్ల పొడవుండవచ్చుననియు, సుమారు ఆరున్నర కిలోల రాళ్లు 30 లక్షలు దానికి పట్టియుండుననియు, రేయింబగళ్లు పనిచేసిన 25 దినములలో ముగింపవచ్చుననియు 2021లో ప్రకటింపబడిన ఒక అధ్యయనము అంచనా వేసినది. దానికి సరిగా ఎదురుగా, ప్రాకారము లోపల, పట్టణస్థులు కూడ ఒక దిబ్బ పోసిరి. గోడ కూలినను వెనుక మరియొక అడ్డుండవలెనని వారి ప్రయత్నము. ఆ మూలనే వందలకొలది బాణపు మొనలు, ఒడిసెల రాళ్లు దొరికినవి. రాజుకు చెందినదని అర్థమిచ్చు ముద్రగల జాడీల పిడులు ఈ పట్టణములో 400కు పైగా దొరికినవి. వాటిమీద హెబ్రోను, జీఫు, శోకో మొదలైన ఊళ్ల పేరులున్నవి. హిజ్కియా ముట్టడికి ముందుగా ధాన్యము, నూనె, ద్రాక్షారసము నిలువచేయించిన ఏర్పాటులో ఇవి భాగమని అనేకుల అభిప్రాయము.

పట్టణము వెలుపలి గుహలలో స్టార్కీ బృందము సుమారు 1,500 మంది ఎముకలను కనుగొన్నది. వాటిలో స్త్రీలవి, పిల్లలవి ఉన్నవి. ఇవి 701 ముట్టడిలో చనిపోయినవారివని పలువురు తలంచుచున్నారు.

3. ముట్టడి దిబ్బయు దేవుని వాగ్దానమును

ఇప్పుడు యెషయా 37:33 చదువుదము. అష్షూరు రాజు ఈ పట్టణములోనికి రాడు, ఇక్కడ బాణము వేయడు, దీని ఎదుట ముట్టడి దిబ్బ కట్టడు అని ప్రవక్త యెరూషలేమును గూర్చి పలికెను. ఈ మాటలను సాధారణముగా కావ్యాలంకారమువలె చదివి ముందుకు పోవుదుము. గాని లాకీషు సంగతి తెలిసినవారికి వీటిలో ప్రతి పదమును బరువైనది. బాణములు, డాళ్లు, దిబ్బ – ఇవన్నియు అప్పటికి కొద్ది కాలము క్రిందట కొండ దిగువనున్న పట్టణములో జరిగినవి. యెరూషలేము వాసులు ఆ దిబ్బ యెట్టిదో విని వణకుచుండగా, మీకు అది కలుగదని ప్రభువు చెప్పెను. కాబట్టి లాకీషును తెలిసికొనుటవలన యెరూషలేము విడుదల తగ్గిపోదు. దాని లోతు ఎక్కువగుచున్నది.

అయితే ఆ విడుదల యూదా అంతటికి కలిగినది కాదు. ద్రాక్షతోటలో మిగిలిన గుడిసెవలె, దోసపాదుల మధ్య పాకవలె సీయోను కుమార్తె విడువబడినదని యెషయాయే మొదటి అధ్యాయములో చెప్పుచున్నాడు (1:7-8). ఈ మాటలు 701 తరువాతి స్థితినే చూపుచున్నవని వ్యాఖ్యానకర్తలలో అనేకులు తలంచుదురు. పంట కోసిన తరువాత చేనులో ఒంటరిగా నిలిచిన కావలి పాకను మన గ్రామములలోని విశ్వాసులు ఎరుగుదురు. పాక నిలిచినది గాని చేను ఖాళీ. విడుదల పొందిన యెరూషలేమును ప్రవక్త చూచిన చూపు ఇది.

4. మీకా విలాపము

యెషయా యెరూషలేములోనుండి చూచెను. మీకా షెఫేలావాడు. అతని ఊరైన మోరెషెతు లాకీషు ప్రాంతములోనిదే. మీకా 1:8-16లో అతడు వరుసగా పేర్కొను ఊళ్లు చాలవరకు అతని ఇరుగుపొరుగు ఊళ్లు. ఒక్కొక్క ఊరి పేరునుండియే అతడు దాని దుఃఖమును తీయుచున్నాడు. అక్జీబు అను పేరు హెబ్రీలో మోసము అను అర్థమిచ్చు మాటను పోలియున్నది. ఆ ఊరి ఇండ్లు మోసమగునని ప్రవక్త చెప్పుచున్నాడు. లాకీషు విషయములో హెబ్రీ పేరు లాఖీష్. వడిగల గుఱ్ఱమునకు రెఖెష్ అని పేరు, గుఱ్ఱమునకు అనునప్పుడు లారెఖెష్ అగును. రథమునకు గుఱ్ఱమును కట్టుడని లాకీషు నివాసితో చెప్పునప్పుడు (1:13) ఈ రెండు మాటల మ్రోత ఒకదానినొకటి అంటుచున్నది. రథములకు పేరుగన్న కోట ఇప్పుడు ఆ రథములను పారిపోవుటకు కట్టవలెను. తెలుగులో ఈ మ్రోత వినబడదు గనుక బోధకుడు దానిని వివరింపవలసియుండును.

అదే వచనములో, సీయోను కుమార్తె పాపమునకు లాకీషు ప్రథమకారణమని ప్రవక్త చెప్పుచున్నాడు. ఆ పాపము విగ్రహారాధనయా, రథబలమందు నమ్మికయా అను విషయమున వ్యాఖ్యానములు భేదించుచున్నవి. గుఱ్ఱములు అదే వచనములో ఉన్నవి గనుక సైన్యబలమునందలి నమ్మిక అను అర్థము సందర్భమునకు బాగుగా కుదురునని మేము తలంచుచున్నాము. ఏది ఏమైనను ఒక మాట స్పష్టము: లాకీషు పాపము సీయోనుకును పాపమే. రెండు పట్టణములును ఒకే దోషములో పాలుగలవి. ఒకటి కూలినది, ఒకటి నిలిచినది. నిలిచినది మంచిది గనుక నిలిచినదని మీకా ఎక్కడను చెప్పలేదు. పైగా సీయోను చేనువలె దున్నబడునని చెప్పెను (3:12).

అంతేకాదు. ఈ తీర్పును ప్రకటించిన ప్రవక్త దానిని చూచి సంతోషింపలేదు. వస్త్రహీనుడై, చెప్పులు లేక, నక్కలవలె అరచుచు ఏడ్చెదనని అతడు చెప్పుచున్నాడు (1:8). తీర్పు న్యాయమైనదని ఎరిగియు కన్నీరు మాననివాడు ఇతడు.

5. రెండవ నాశనము

లాకీషు మరల కట్టబడినది గాని పూర్వపు వైభవము రాలేదు. సిద్కియా కాలములో నెబుకద్రెజరు సైన్యము యూదామీదికి వచ్చినప్పుడు, ప్రాకారములుగల పట్టణములలో యెరూషలేము గాక లాకీషు, అజేకా అను రెండే మిగిలియున్నవని యిర్మీయా 34:7 చెప్పుచున్నది. తరువాత అవియు నశించినవి.

1935లో స్టార్కీ బృందము పట్టణ ద్వారమునొద్దనున్న గదిలో, ఈ రెండవ నాశనపు బూడిదలో, కుండపెంకులమీద సిరాతో ప్రాచీన హెబ్రీ లిపిలో వ్రాసిన ఉత్తరములను కనుగొన్నది. 1938లో మరికొన్ని దొరికినవి. వీటిని లాకీషు ఉత్తరములు అందురు. వాటిలో కొన్ని ఒక సైనికాధికారి తన పైఅధికారియైన యాఓషునకు వ్రాసినవి. నాలుగవ ఉత్తరములో అతడు, తాము లాకీషు అగ్నిసంకేతముల కొరకు కనిపెట్టుచున్నామనియు, అజేకా తమకు కనబడుట లేదనియు తెలియజేయుచున్నాడు. అజేకా అప్పటికే పడిపోయినదని కొందరు దీనిని అర్థము చేసికొనిరి. అక్కడనుండి ఆ సంకేతములు కనబడవను సామాన్యార్థమే చాలునని మరికొందరి వాదము. ఆరవ ఉత్తరములో అధిపతుల మాటలు జనుల చేతులను బలహీనపరచుచున్నవను ఫిర్యాదు ఉన్నది. ఇదే నిందను అధిపతులు యిర్మీయా మీద మోపిరి (యిర్మీ. 38:4). మూడవ ఉత్తరములో ఒక ప్రవక్త ఇచ్చిన హెచ్చరిక ప్రస్తావన కలదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. ఆ ప్రవక్త యిర్మీయాయే అనియో, ఊరియా అనియో కొందరు ఊహించిరి. ఉత్తరములో పేరు లేదు. పేరు లేనిచోట మనము పేరు పెట్టి, త్రవ్వకములలో యిర్మీయా ఉత్తరము దొరికినదని ప్రసంగించుట సత్యమునకు సేవ చేయుట కాదు.

6. బోధకులకు మూడు మాటలు

మొదటిది, సాక్ష్యములను వాటి హద్దులలో వాడుట. త్రవ్వకములు బైబిలును రుజువు చేసినవని చెప్పుట మనకు అలవాటు. లాకీషు విషయములో సన్హెరీబు దండయాత్ర, ముట్టడి, అగ్ని, హిజ్కియా చెల్లించిన కప్పము – ఇవి లేఖనము వెలుపల కూడ బలమైన ఆధారములు గలవి. దూత చేసిన సంహారమును అష్షూరు వృత్తాంతములు చెప్పవు. ఓటమిని గోడలమీద చెక్కించుకొను రాజు ఎవడు? ఆ మౌనము సంహారమును రుజువు చేయదు, కొట్టివేయదు. యెరూషలేము పట్టబడలేదను సంగతివరకు చరిత్ర మనలను తీసికొనిపోవును. అక్కడనుండి ముందుకు నడుచునది విశ్వాసము. ఈ గీతను దాచకుండ చూపు బోధకుని మాటను చదువుకొన్న యౌవనస్థులు నమ్ముదురు.

రెండవది, తప్పించుకొన్నవారి సాక్ష్యము. తుఫాను తరువాత, 2020–21 నాటి కరోనా తరువాత మన కూటములలో అనేక సాక్ష్యములు విన్నాము. మా వీధిలో ఇంటింటా ఒకరు పోయిరి గాని దేవుడు మా ఇంటిని ముట్టనియ్యలేదని ఒక సహోదరి లేచి చెప్పును. సంఘము హల్లెలూయ అనును. అదే వరుసలో కూర్చున్న మరియొక సహోదరి భర్తను కోల్పోయినది. ఆమెయు ప్రార్థించినదే. ఆ క్షణమున ఆమె లాకీషులో కూర్చున్నది. మనము ఆమెకు యెషయా 37 మాత్రమే వినిపించినయెడల, ఆమె ప్రార్థనలో లోపమున్నదని చెప్పకయే చెప్పినవారమగుదుము. సిలోయము గోపురము కూలి చచ్చిన 18 మంది మిగిలినవారికంటె అపరాధులని తలంచుచున్నారా అని ప్రభువు అడిగిన ప్రశ్న (లూకా 13:4) ఇక్కడ మనలను ఆపవలెను. కృతజ్ఞతను ఆపుమని మేము చెప్పుట లేదు. కృతజ్ఞత పొరుగువాని శవముమీద నిలువరాదని చెప్పుచున్నాము.

మూడవది, విడుదల తాయెత్తు కాదు. 701లో పట్టణము తప్పింపబడెను గనుక దేవుని ఆలయమున్న చోటు ఎన్నడును కూలదను నమ్మిక తరువాతి తరములో పాతుకొన్నది. యిర్మీయా ఆలయ ద్వారమున నిలిచి ఖండించినది ఈ నమ్మికనే (యిర్మీ. 7:4). అందుకు అతనిని చంపవలెనని యాజకులు, ప్రవక్తలు కోరినప్పుడు, దేశపు పెద్దలలో కొందరు లేచి మీకాను జ్ఞాపకము చేసిరి: హిజ్కియా దినములలో మోరష్తీయుడైన మీకా సీయోను దున్నబడునని ప్రవచింపగా రాజు అతనిని చంపలేదు, యెహోవాకు భయపడి వేడుకొనెను (26:17-19). అహీకాము చేయి కూడ యిర్మీయాకు తోడుగా ఉండెను (26:24). విడుదలను మాత్రమే జ్ఞాపకముంచుకొన్నవారు ప్రవక్తను చంపజూచిరి. విలాపమును కూడ మరువని పెద్దలు అతని పక్షమున మాటలాడిరి.

ముగింపు

లాకీషు అంతటితో లేఖనములనుండి తొలగిపోలేదు. చెరనుండి తిరిగివచ్చిన యూదావారు నివసించిన ఊళ్ల పట్టికలో లాకీషును దాని పొలములును కలవు (నెహె. 11:30). కోట అని గాని, రథములని గాని అక్కడ లేదు. పొలములు మాత్రమే ఉన్నవి. నాశనమైన పట్టణమును గూర్చి పాత నిబంధన చరిత్ర చెప్పు చివరి మాట ఇది.

హిజ్కియా ప్రార్థనను సంఘములో చదువునప్పుడు మీకా 1:8-16ను కూడ చదువవలెనని మా మనవి. పది నిమిషములు ఎక్కువ పట్టును. ఊళ్ల పేరులు పలుకుట కష్టము. అయినను ఆ పేరులు బిగ్గరగా చదువబడినప్పుడు, తమ ఇల్లు తప్పింపబడని విశ్వాసులు తమ పేరు కూడ దేవుని గ్రంథములో ఉన్నదని ఎరుగుదురు.